కప్పతో మొదలుపెట్టండి: ఈజిప్షియన్ ఫయాన్స్ జంతు తాయెత్తులు చేత్తో చేసి కాల్చుకోవడం ఎలా

నేను చేసిన నీలం కప్ప ఫొటో చూసిన ప్రతి నలుగురిలో ముగ్గురు అడిగేది ఒకటే, "ఆ బ్లూ గ్లేజు ఏ కంపెనీది, ఎక్కడ కొన్నారు, బ్రష్‌తో పూశారా ముంచారా" అని. నేను ఏదీ పూయలేదండీ. ఇందులో ఉన్న మజా అంతా అదే. గ్లేజుకి, అంటే పైన మెరిసే గాజు పూతకి, కావలసిన సోడా ముద్దలోనే కలిసి ఉంటుంది, బొమ్మ ఆరుతుంటే నీళ్ళతో పాటు అది పైకి వచ్చి తెల్లగా పేరుకుంటుంది, ఆ తెలుపే కిల్న్‌లో (బొమ్మలు కాల్చే కొలిమిలో) కరిగి అద్దంలా అవుతుంది. మన చౌడు పొలాల్లో ఎండాకాలం నేల మీద తెల్లగా చౌడు తేలడం చూశారా, అచ్చం అదే. కాబట్టి ఈ పనిలో ముద్ద కలపడం ఒక గంట, అచ్చులో నొక్కడం ఒక గంట, ఆరబెట్టడం మాత్రం రోజులు. పాడైపోయేది కూడా తొంభై శాతం అక్కడే.

ఇంకో మాట. ఫయాన్స్ మట్టి కాదు. చాలామంది "టెర్రకోటా లాగేనా" అంటారు, కాదు. ఇది ముప్పాతిక పైగా క్వార్ట్జ్ పొడి, అంటే పలుగురాయి పొడి. మట్టిలా సాగదు, చెప్పినట్టు వినదు. ఆ సంగతి మనసులో పెట్టుకుని కిందది చదవండి.

1. ముందు ఏ జంతువో తేల్చుకోండి

మొదటిసారే పిల్లి చేస్తానంటారు. కూర్చున్న పిల్లి, నిలబెట్టిన చెవులు, సన్నటి మెడ, చూడటానికి బాగుంటుంది కానీ ఈ ముద్దతో సన్నటి చెవి నిలబడదు, అచ్చులోంచి తీసేటప్పుడే ఊడిపోతుంది. ప్రాచీన ఈజిప్టు వాళ్ళ తాయెత్తుల్ని పక్క నుంచి తీసిన ఫొటోల్లో చూడండి, కాళ్ళు ఒంటికి అంటుకుని, తోక పక్కకి చుట్టుకుని, మెడ వెనక దిమ్మలాంటి ఆధారంతో, ఎక్కడా ఏదీ బయటికి పొడుచుకు రాకుండా చేశారు. పదార్థం ఎంత వరకు ఒప్పుకుంటుందో వాళ్ళకి బాగా తెలుసు.

నా ఆర్డర్ ఇది:

- కప్ప: అన్నిటికంటే తేలిక, ముద్దగా కూర్చుంటుంది, కింద చదును. వాళ్ళకి ఇది కాన్పుల దేవత హెకెట్ రూపం.
- పేడపురుగు: పైన గుండ్రం, కింద చదును. కాళ్ళు విడిగా చేయక్కర్లేదు, పక్కన గీతలు చాలు. ఇది ఖెప్రి, పొద్దున సూర్యుడు.
- చేప, పడుకున్న బాతు: పర్లేదు.
- నీటిగుర్రం: కాళ్ళు పొట్టిగా ఉంటే సరే.
- డేగ (హోరస్), పిల్లి (బాస్టెట్), బబూన్ కోతి (థోత్): పది కప్పలు చక్కగా వచ్చాక. బ్రాకెట్లలో ఉన్నవి వాళ్ళ దేవతల పేర్లు.
- కంకణం పిట్ట (ఐబిస్): ఆ వంకర ముక్కుతో నేను ఇప్పటికి రెండుసార్లు ఓడిపోయాను, పాత ఈజిప్టు వాటిలో చాలా వాటికి ముక్కు కొసని ముందున్న చిన్న ఈక బొమ్మ మీద ఆనించి పెట్టారు, ముక్కుకి ఆ ఆధారం ఎందుకో మూడోసారికి గానీ నాకు అర్థం కాలేదు.

సైజు రెండున్నర సెంటీమీటర్లు దాటనివ్వకండి. పెద్దవి అందంగా ఉంటాయి, న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో విలియం అని ముద్దుగా పిలిచే నీలి నీటిగుర్రం పొడవు 20 సెంటీమీటర్లు, కానీ అది చేసినవాడు మొదటి రోజే అది చేసి ఉండడు కదా. ఆ మ్యూజియం వాళ్ళ సైట్‌లో ఫయాన్స్ తాయెత్తుల ఫొటోలు బోలెడు ఫ్రీగా దొరుకుతాయి, ముందు వైపు కాకుండా వెనక వైపు, కింది వైపు ఫొటోలు వెతికి చూడండి, ఎలా చేశారో తెలిసేది అక్కడే.

2. సామాన్లు

200 గ్రాముల పొడికి కొలతలు ఇస్తున్నా, దీంతో పాతిక కప్పల పైనే వస్తాయి. నేను మొదలుపెట్టడానికి వాడే లెక్క ఇది, మీ పొడిని బట్టి, మీ కిల్న్‌ని బట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది, అందుకే మొదటి బ్యాచ్‌ని టెస్ట్ అనుకోండి.

- క్వార్ట్జ్ పొడి, 200 మెష్ (అంత సన్నటి జల్లెడ దిగిన మెత్తని పొడి): 160 గ్రాములు
- సోడా యాష్ (నీళ్ళు లేని సోడియం కార్బొనేట్ పొడి): 10 గ్రాములు
- వంట సోడా: 10 గ్రాములు
- కాల్షియం కార్బొనేట్ పొడి: 8 గ్రాములు
- చైనా క్లే (తెల్ల పింగాణీ మట్టి): 8 గ్రాములు
- బెంటొనైట్ (నీళ్ళు తగిలితే ఉబ్బే జిగట మట్టి పొడి): 4 గ్రాములు
- కాపర్ కార్బొనేట్: 6 గ్రాములు (నల్ల కాపర్ ఆక్సైడ్ అయితే 4 చాలు)
- నీళ్ళు: 45 మిల్లీలీటర్ల దగ్గర మొదలు

చైనా క్లే, బెంటొనైట్ మన సౌకర్యం కోసం, ముద్ద కాస్త మాట వినడానికి. అవి లేకుండా కూడా చేయొచ్చు, కానీ మొదటిసారి వద్దు. బెంటొనైట్ దొరక్కపోతే తుమ్మ జిగురు నీళ్ళు ఒక చెంచా వేయండి. జైపూర్ బ్లూ పాటరీ వాళ్ళు కూడా ఇలాగే పలుగురాయి పొడి, గాజు పొడి, జిగురు కలిపిన ముద్దనే అచ్చుల్లో నొక్కుతారు, కాకపోతే వాళ్ళు గ్లేజు పైన వేరేగా వేస్తారు.

ఇక్కడే జనం చేసే తప్పులు, ఒక్కొక్కటి వల్ల ఒక్కో బ్యాచ్ పోతుంది:

సోడా యాష్ బదులు వాషింగ్ సోడా గడ్డలు. రెండూ సోడియం కార్బొనేటే కానీ పలుకుల్లా ఉండే వాషింగ్ సోడాలో బరువులో 63 శాతం నీళ్ళే. 10 గ్రాములు వేశాననుకుంటారు, అసలు సరుకు నాలుగు గ్రాములు కూడా పడదు, గ్లేజు రాదు. పలుకులే దొరికితే 27 గ్రాములు వేసి నీళ్ళు తగ్గించండి, లేదా పెనం మీద వేయించి తెల్ల పొడి అయ్యాక తూచండి. ఆ పెనం మళ్ళీ దోశలకి వాడకండి.

వంట సోడా బదులు బేకింగ్ పౌడర్. అందులో పిండి, ఇంకేదో ఆమ్లం ఉంటాయి. వద్దు.

బ్లాక్‌బోర్డ్ చాక్‌పీసులు నూరి వేయడం. ఇప్పుడు దొరికేవి చాలావరకు జిప్సం, సుద్ద కాదు. కెమికల్ షాపులో కాల్షియం కార్బొనేట్ అని అడగండి, కిలో కూడా పెద్ద ఖరీదు ఉండదు.

మైలుతుత్తం. నీలంగా ఉంది కదా అని చాలామంది దీని మీద పడతారు. అది కాపర్ సల్ఫేట్, కాల్చేటప్పుడు గంధకపు పొగ వదులుతుంది, నీళ్ళలో కరిగి మచ్చలు మచ్చలుగా తేలుతుంది. రంగు చూసి కొనకండి, కాపర్ కార్బొనేట్ ముద్దలో ఆకుపచ్చగా, ఆక్సైడ్ అయితే బూడిద రంగులో కనిపిస్తుంది, నీలం వచ్చేది కాలాకే. అప్పట్లో కంచు రజను వాడి ఉంటారనడానికి కొన్ని పాత గ్లేజుల్లో తగరం ఆనవాళ్ళు దొరికాయి, ఆ ముచ్చట మీకూ ఉంటే ఒక చిన్న టెస్ట్ చేసుకోండి.

ఏటి ఇసుక. అందులో ఇనుము ఉంటుంది, నీలం పోయి బురద ఆకుపచ్చ వస్తుంది. గూడూరు దగ్గర చిల్లకూరు, కోట మండలాల్లో తెల్లటి సిలికా ఇసుక తవ్వుతారు, అది మేలే కానీ అదైనా మెత్తని పొడి అయ్యాకే పనికొస్తుంది, దాన్ని ఇంట్లో మిక్సీలో వేసి ఆడిద్దాం అనుకోకండి, ఎందుకో కింద చెప్తున్నా.

3. మాస్క్ లేకపోతే ఇక్కడితో ఆపేయండి

క్వార్ట్జ్ పొడి కంటికి కనపడనంత సన్నగా గాల్లో తేలుతుంది, ఊపిరితిత్తుల్లోకి వెళ్తే బయటికి రాదు. సిలికోసిస్ అనే జబ్బు దీని వల్లే వస్తుంది, తగ్గేది కాదు. నేను భయపెట్టడానికి అనట్లేదు, పొడి నీళ్ళలో తడిసే వరకే ఈ జాగ్రత్త, తడిశాక పర్లేదు.

- కనీసం ఎన్-95 మాస్క్, ముఖానికి గట్టిగా పట్టేది. కర్చీఫ్ కట్టుకుంటే ఉపయోగం లేదు.
- ఫ్యాన్ ఆపేయండి.
- పొడి పోసేటప్పుడు ఎత్తు నుంచి పోయకండి, చెంచాతో దించండి.
- చీపురుతో ఊడవద్దు, తడి గుడ్డతో తుడవండి.
- చేతికి రబ్బరు గ్లౌజులు, సోడా చర్మాన్ని తినేస్తుంది, రెండు రోజులకి వేళ్ళు పగుళ్ళు వస్తాయి.
- గిన్నెలు, చెంచాలు, త్రాసు వంటింటివి కాకుండా వేరేవి.
- పిల్లలు ముద్ద నొక్కుతామంటే వద్దనండి, వాళ్ళకి మామూలు మట్టి ఇవ్వండి.

4. అచ్చు

పురావస్తు శాస్త్రవేత్త సర్ ఫ్లిండర్స్ పెట్రీ 1891-92లో ఈజిప్టులోని అమర్నాలో తవ్వినప్పుడు ఇలాంటి చిన్న కాల్చిన మట్టి అచ్చులు వేల సంఖ్యలో దొరికాయి. అరచేతిలో పట్టేంత బిళ్ళ, మధ్యలో ఒక గుంట, అంతే. మూత ఉండదు. ముందు వైపు అచ్చు నుంచి వస్తుంది, వెనక వైపు వేలితోనో పుల్లతోనో చదును చేస్తారు. మనం కూడా అదే చేద్దాం.

మొదట బొమ్మ చెక్కండి. బట్టల సబ్బు బాగా పనికొస్తుంది, పిల్లల ప్లాస్టిసిన్ కూడా. కప్పకి కళ్ళు రెండు బుడిపెలు, నోటి గీత, మడిచిన వెనక కాళ్ళు, చాలు. మీరు అనుకున్న దానికంటే లోతుగా గీయండి, ఎందుకంటే గ్లేజు కరిగి పారి సన్న గీతల్ని మింగేస్తుంది, వెంట్రుక లాంటి గీతలు కిల్న్ నుంచి బయటికి రావు.

గడ్డం కింద, పొట్ట కింద లోపలికి వంపు ఉంటే అక్కడ ముద్ద ఇరుక్కుంటుంది. బొమ్మని పై నుంచి చూసినప్పుడు కనపడని చోటు ఏదైనా ఉంటే దాన్ని నింపేయండి.

తర్వాత రెండు సెంటీమీటర్ల మందం మట్టి బిళ్ళ తీసుకుని, బొమ్మకి నూనె రాసి నిటారుగా నొక్కి నిటారుగానే తీయండి. మట్టి అచ్చు ఆరి కాలితే పదో వంతు దాకా కుంచించుకుపోతుంది కాబట్టి బొమ్మ ఆ మేరకు పెద్దది చేసుకోండి. 850 డిగ్రీల దగ్గర ఒకసారి కాల్పిస్తే చాలు, ఏళ్ళ తరబడి పనికొస్తుంది.

ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అచ్చు చేయకండి అని గట్టిగా చెప్తున్నా. నా మొదటి అచ్చు అదే. కప్పలు టకటకా వచ్చేశాయి, అంచులు శుభ్రంగా, నాకు చాలా గర్వంగా అనిపించింది. కాలిన తర్వాత చూస్తే అచ్చుకి తగలని చదును వైపు మెరుస్తోంది, ముఖం మాత్రం సుద్దముక్కలా గరుకుగా ఉంది. ఏమైందంటే, ప్లాస్టర్ నీళ్ళు పీల్చేస్తుంది, ఆ నీళ్ళలో కరిగిన సోడా కూడా దాంతో పోయింది, ముఖానికి గ్లేజు అవ్వాల్సిన సరుకంతా అచ్చు తాగేసింది. కాల్చిన మట్టి కూడా కొంచెం పీలుస్తుంది కానీ పల్చగా నూనె రాసి, ముద్దని అర నిమిషం కంటే ఎక్కువ ఉంచకపోతే ఇబ్బంది ఉండదు.

5. ముద్ద కలపడం

1. సోడా యాష్, వంట సోడా రెండూ గోరువెచ్చని నీళ్ళలో కరిగినంత మేర కరిగించండి, కరగక మిగిలింది గడ్డ లేకుండా నలిపి కలపండి. పొడిగా వేస్తే గడ్డ ఉన్న చోట గ్లేజు బుడగ, లేని చోట గరుకు.
2. మిగతా పొడులన్నీ మూత ఉన్న డబ్బాలో వేసి మూత గట్టిగా పెట్టి ఊపండి, దుమ్ము దిగే దాకా ఐదు నిమిషాలు ఆగి తీయండి.
3. సోడా నీళ్ళు కొంచెం కొంచెంగా పోస్తూ చేత్తో కలపండి.
4. పావుగంట తడిగుడ్డ కప్పి ఉంచండి, బెంటొనైట్ నానాలి.

ఎంత తడి ఉండాలి? సున్నుండలు చుట్టేటప్పుడు పిండి ఎలా ఉంటుందో గుర్తు చేసుకోండి. పిడికిట్లో నొక్కితే నిలుస్తుంది, రెండు చేతులతో లాగితే సాగదు, విరుగుతుంది. సరిగ్గా అదే. చపాతీ పిండిలా వచ్చేదాకా నీళ్ళు పోస్తూ పోతే ముద్ద చేతిలోనే జారిపోతుంది, దీనికి ఒక చెడ్డ బుద్ధి ఉంది, కదపకుండా ఉంచితే గట్టిగా ఉన్నట్టు కనిపిస్తుంది, టేబుల్ మీద తట్టగానే నీరసించి పల్చబడిపోతుంది. అలా అయితే పొడి వేయకుండా కాసేపు మూత తీసి వదిలేయండి, మళ్ళీ బిగుస్తుంది.

ఈ ముద్దని ఫ్రిజ్‌లో దాచుకుందాం అనుకోకండి. మర్నాటికి సోడా పలుకులు కట్టి ముద్ద రాయి అవుతుంది. ఆ పూట కలిపింది ఆ పూటే.

6. నొక్కడం, తీయడం, బెజ్జం

చిన్న ఉండ చేసి, అచ్చు మధ్యలో పెట్టి, బొటనవేలితో మధ్య నుంచి అంచులకి నొక్కండి. రెండు ముక్కలుగా పెట్టకండి, ఆ అతుకు ఆరేటప్పుడు విచ్చుకుంటుంది. పైన మిగిలింది పాత ఏటీఎం కార్డుతో గీకేయండి.

ఇప్పుడు బెజ్జం. అచ్చులో ఉండగానే, కప్ప మెడ వెనక నుంచి అడ్డంగా చీపురు పుల్ల గుచ్చండి. తీయకండి, అలాగే ఉంచండి, కిల్న్‌లో కాలి బూడిదై పోతుంది, బెజ్జం మిగులుతుంది. కుంచించుకుపోవడం ఈ ముద్దలో చాలా తక్కువే కానీ గ్లేజు బెజ్జంలోకి పారుతుంది కాబట్టి రెండు మిల్లీమీటర్లకి తక్కువ కాకుండా చూసుకోండి, మరీ సన్న ఈనె పుల్ల సరిపోదు, చీపురు మొదట్లో ఉండే లావు పుల్ల తీసుకోండి. వేలాడదీసే రింగు పైన విడిగా అతకాలని చూస్తే అతుకు దగ్గర విరిగిపోతుంది, బెజ్జమే నయం.

అచ్చుని బోర్లించి, అంచుని బల్లకి ఒక్కసారి మెల్లగా తట్టండి. రాకపోతే రెండోసారి. మూడోసారికీ రాకపోతే ముద్ద తడి ఎక్కువైంది, గీకి తీసేసి మళ్ళీ మొదలు. సూదితో లేపాలని చూస్తే ముక్కు పోతుంది, నా మాట వినండి.

అచ్చు దాటాక పగుళ్ళు కనిపిస్తే తడి వేలితో సరిచేయడానికి మీకు ఒక ఐదు నిమిషాలే టైమ్ ఉంది. ఆ తర్వాత ముట్టుకోకూడదు.

7. ఆరబెట్టడం, అసలు పని ఇదే

బొమ్మల్ని చదునైన పళ్ళెం మీద పెట్టకండి. గాలి తగలని చోట సోడా తేలదు, తేలని చోట గ్లేజు ఉండదు. ప్లాస్టిక్ జాలీ మీద పెట్టండి, కింద గాలి ఆడేలా జాలీని రెండు ఇటుకల మీద ఎత్తి ఉంచండి. కింది వైపు కొంచెం గరుకుగా ఉండటం మనకి మంచిదే, కిల్న్ పలకకి అతుక్కోదు, కాబట్టి దాని గురించి బాధపడకండి.

మొదటి గంట ఏమీ కనపడదు. మూడు నాలుగు గంటలకి తడి మెరుపు పోయి రంగు పాలిపోతుంది. ఆ తర్వాత మొదట కళ్ళ బుడిపెల మీద, వెన్ను గట్టు మీద, అంటే ఎత్తుగా ఉన్న చోట్ల సన్నటి తెల్లటి నూగు మొదలవుతుంది. ఎండాకాలం చెమట ఆరాక షర్టు వీపు మీద తెల్లటి ఉప్పు చారలు పడతాయే, అలాగ. రాత్రికి అది ఒళ్ళంతా పాకుతుంది, మర్నాడు లైట్ పక్క నుంచి వేసి చూస్తే చిన్న చిన్న ముళ్ళలా నిలబడి ఉంటుంది, ఆకుపచ్చ కప్ప కాస్తా పంచదారలో దొర్లించినట్టు తెల్లగా అయిపోతుంది. అది చూసి "బూజు పట్టిందేమో" అని తుడిచేసినవాళ్ళు నాకు తెలిసి ఇద్దరున్నారు. తుడిచిందే గ్లేజు!

అందుకే ఈ రూల్స్:

- ఆ నూగు మొదలయ్యాక బొమ్మని ముట్టుకోకండి, ఒక్క వేలి ముద్ర పడినా కాలాక అక్కడ గరుకు మచ్చ వస్తుంది. కదపాలంటే చీపురు పుల్ల రెండు కొసలూ పట్టుకుని ఎత్తండి, ఆ పుల్లని ఉంచమన్నది ఇందుకు కూడా.
- ఎండలో పెట్టకండి, పగులుతాయి.
- ఫ్యాన్ కింద పెట్టొచ్చు కానీ టేబుల్ ఫ్యాన్ ఒకే పక్క నుంచి కొడితే ఆ పక్కే సోడా అంతా చేరుతుంది, రెండో పక్క వట్టిగా మిగులుతుంది. పెట్టక తప్పకపోతే గంటకోసారి జాలీని తిప్పండి.
- కవర్ కప్పకండి. మట్టి బొమ్మలకి నెమ్మదిగా ఆరడం మంచిది, ఇక్కడ గాలి కావాలి.
- చల్లటి గచ్చు మీద, బాత్‌రూమ్ పక్కన, వంటింటి ఆవిరిలో వద్దు.

ఎన్ని రోజులు అంటే మీ ఊరి గాలిని బట్టి. హైదరాబాద్‌లో మే నెలలో నావి రెండో రోజు సాయంత్రానికి రెడీ, అదే ఆగస్టులో నాలుగు రోజులు పట్టింది. కాకినాడలో ఉన్న మా అక్క వానాకాలంలో చేస్తే వారానికీ నూగు సరిగా రాలేదు, తేమ గాలికి సోడా మళ్ళీ తడి పీల్చుకుని కరిగి లోపలికి పోతోంది, చివరికి ఏసీ గదిలో పెడితే రెండు రోజుల్లో తేలింది. సముద్రం దగ్గర ఉన్నవాళ్ళు ముందే ఏసీ గది చూసుకోండి.

పూర్తిగా ఆరిందా లేదా అని చేత్తో చూడలేం కదా, కాబట్టి జాలీతో సహా త్రాసు మీద పెట్టి బరువు రాసుకోండి. ఆరు గంటల తర్వాత మళ్ళీ తూచండి. తగ్గకపోతే ఆరినట్టే.

8. కిల్న్‌లో పేర్చడం

ఇంట్లో కిల్న్ లేకపోతే దగ్గర్లోని పాటరీ స్టూడియోలో డబ్బులిచ్చి కాల్పించుకోవచ్చు. కానీ ముందే చెప్పండి, "ఇది సోడా ఉన్న ముద్ద, పలకకి అంటుకుంటుంది, ఆవిరి కూడా కొంచెం వస్తుంది" అని. నేను మొదటిసారి చెప్పలేదు, మామూలు బంకమట్టి బొమ్మలనుకుని వాళ్ళు పలక మీద నేరుగా పేర్చేశారు, పదకొండు కప్పలూ పలకకి వెల్డింగ్ చేసినట్టు అతుక్కుపోయాయి, ఉలితో కొట్టి తీస్తే పలక కూడా పెచ్చు లేచింది, పలక డబ్బులు నేనే కట్టాను. తప్పు నాదే.

- పలక మీద అల్యూమినా హైడ్రేట్, చైనా క్లే సగం సగం నీళ్ళలో కలిపి రెండు పూతలు వేయించండి.
- అదనంగా బొమ్మ కింద అల్యూమినా పొడి పల్చగా చల్లండి.
- బొమ్మ కింది వైపు నూగు ఉంటే అక్కడ మాత్రం పొడి బ్రష్‌తో తీసేయండి.
- బొమ్మకీ బొమ్మకీ మధ్య కనీసం ఒక సెంటీమీటరు.
- అన్ని వైపులా గ్లేజు కావాలంటే బెజ్జంలో కాంథాల్ తీగ (కిల్న్ కాయిల్స్‌కి వాడే, వేడి తట్టుకునే తీగ) దూర్చి రెండు పిల్లర్ల మధ్య వేలాడదీయండి, ఇలా చేసేవాటికి చీపురు పుల్లని మెల్లగా తిప్పుతూ ముందే లాగేయండి. ఇనుప తీగ వద్దు, పెచ్చులు లేచి రాలుతుంది.
- బుట్టలు బుట్టలుగా నింపకండి, సోడా ఆవిరి కిల్న్ కాయిల్స్‌కి మంచిది కాదు.

"మా ఊళ్ళో కుమ్మరి ఆవం ఉంది, అందులో పెట్టొచ్చా" అని చాలామంది అడుగుతారు. వేడి అన్ని చోట్లా సమంగా ఉండదు, తరచు 900 దాకా వెళ్ళదు, పైగా పొగ. పొగలో రాగికి ఆక్సిజన్ అందక నీలం రాదు, ఎర్రగానో గోధుమ రంగులోనో తిరుగుతుంది. కరెంటు కిల్న్ అయితే ఆ బాధ లేదు. గ్యాస్ స్టవ్, ఒవెన్, మైక్రోవేవ్ సంగతి అసలు అడగొద్దు.

9. కాల్చడం

నా షెడ్యూల్:

1. గంటకి 100 డిగ్రీల చొప్పున 600 దాకా. 573 దగ్గర క్వార్ట్జ్ ఒక్కసారిగా ఉబ్బుతుంది, అక్కడ తొందరపడొద్దు. పుల్ల కాలిపోయేది కూడా ఈ లోపలే, గాలి రంధ్రం మూత తీసి ఉంచండి.
2. ఆ తర్వాత గంటకి 150 చొప్పున 950 దాకా.
3. 950 దగ్గర పది నిమిషాలు.
4. ఆపేయండి, మూత తీయకండి. 100 లోపు వచ్చాకే తీయాలి. రాత్రి పెడితే మర్నాడు మధ్యాహ్నం.

మీటర్ చూపించే అంకెని గుడ్డిగా నమ్మకండి, పాత కిల్న్‌లలో 30, 40 డిగ్రీల తేడా మామూలే. బొమ్మల పక్కన ఒక 08 నంబర్ కోన్ (ఒక వేడి దగ్గర మెత్తబడి వంగే చిన్న శంకువు) పెట్టండి, అది వంగితే ఇంచుమించు 945 తగిలినట్టు.

10. తీసి చూశాక, ఏది కనిపిస్తే ఏది చేయాలి

గరుకుగా, పాలిపోయిన నీలం, మెరుపు లేదు. వేడి చాలలేదు, లేదా నూగు చాలలేదు. కాల్చే ముందు ఫొటో తీసి ఉంటే తేల్చుకోవచ్చు: తెల్లగా నిండుగా ఉంటే వేడిని 20 డిగ్రీలు పెంచండి, లేకపోతే సోడా లెక్క, ఆరబెట్టిన చోటు చూసుకోండి. అదే బొమ్మని సోడా నీళ్ళలో ముంచి ఆరబెట్టి మళ్ళీ కాల్చొచ్చు, కొంత కోలుకుంటుంది.

జారి, కింద మడుగు కట్టింది, కళ్ళు మాయం. వేడి ఎక్కువ. 20 తగ్గించండి. వేడి సరిగ్గానే ఉంటే సోడా తగ్గించండి, రెండూ ఒకేసారి మార్చకండి, ఏది పనిచేసిందో తెలియకుండా పోతుంది.

నల్లటి లోహపు మచ్చలు. రాగి ఎక్కువైంది లేదా సరిగా కలవలేదు. 6 నుంచి 4 గ్రాములకి దించండి.

నీలం బదులు ఆకుపచ్చ. మీ క్వార్ట్జ్‌లోనో క్లేలోనో ఇనుము ఉంది. నిజం చెప్పాలంటే పాత ఈజిప్టు వాటిలోనూ ఆకుపచ్చవి చాలా ఉన్నాయి, నాకైతే ఇది తప్పులా అనిపించదు.

ఒక పక్క మెరుపు, ఒక పక్క వట్టి. ఫ్యాన్. ఏడో పాయింట్ మళ్ళీ చదవండి.

గోరుతో గీకితే పొడి రాలుతోంది. లోపల గట్టిపడలేదు. ముద్దలో 20 గ్రాముల క్వార్ట్జ్ తీసేసి అంతే ఫెల్డ్‌స్పార్ (కిల్న్ వేడికి కరిగి గట్టిపరిచే రాయి) పొడి వేయండి. అయినా ఇది స్టోన్‌వేర్ (రాయిలా గట్టిగా కాల్చిన మట్టి సామాను) కాదు, కింద పడితే పగులుతుంది.

బెజ్జం మూసుకుపోయింది. సన్న డైమండ్ బిట్‌తో, నీళ్ళలో ముంచి, మెల్లగా. తొమ్మిదిసార్లు వస్తుంది, పదోసారి మెడ దగ్గర రెండు ముక్కలు.

11. వేరే రంగులు, నల్ల గీతలు

రాగి తీసేసి కోబాల్ట్ కార్బొనేట్ ఒక గ్రాము వేస్తే ముదురు నీలం, మాంగనీస్ డయాక్సైడ్ ఐదు గ్రాములు వేస్తే ఊదా నుంచి నలుపు. మాంగనీస్ పొడి కూడా పీల్చకూడనిదే, మాస్క్ తీయకండి.

మ్యూజియంలోని ఆ విలియం నీటిగుర్రం మీద నల్లటి కలువ పువ్వులు గీసి ఉంటాయి చూడండి, అలా గీయాలంటే మాంగనీస్ పొడిని జిగురు నీళ్ళతో కలిపి, అచ్చు నుంచి తీసిన పది నిమిషాల్లోపే, ఒంటి మీద తడి ఉండగానే గీయాలి. నూగు వచ్చాక బ్రష్ పెడితే బ్రష్ పోయిన దారంతా గ్లేజు పోతుంది. నీటిగుర్రం నడుము మీద కలువ కాడ వేద్దామని కూర్చుని, ఫోన్ వస్తే మాట్లాడి వచ్చేసరికి అరగంట, అప్పటికే మొదలైపోయింది, ఆ బొమ్మకి కాడ బదులు ఒక గరుకు చార మిగిలింది.

12. చిన్న పూసలకి ఇంకో దారి

ఇరానులో కోమ్ ఊళ్ళో గాడిదల మెడలో కట్టే నీలం పూసలు ఇంకోలా చేస్తారు. 1960ల్లో అక్కడికి వెళ్ళి చూసి రాసినవాళ్ళ వల్ల ఈ పద్ధతి బయట ప్రపంచానికి తెలిసింది. ముద్దలో సోడా, రాగి ఉండవు, వట్టి క్వార్ట్జ్, జిగురు. ఆరిన పూసల్ని సున్నం, సోడా, క్వార్ట్జ్, రాగి కలిపిన పొడిలో పాతిపెట్టి, కుండతో సహా 1000 డిగ్రీల దాకా కాలుస్తారు. చల్లారాక పొడి గడ్డని నలిపితే లోపల పూసలు చుట్టూ మెరుస్తూ బయటపడతాయి, ఎక్కడా ఆనిన మచ్చ ఉండదు. ఆ పొడి లెక్క కుదిరేదాకా చాలా పూసలు పోతాయి, నావి మూడు కుండలు గడ్డ కట్టాయి. కప్పలు చేయడం బాగా వచ్చాకే అటు వెళ్ళండి.

13. దారం కట్టే ముందు

- బెజ్జం అంచుల్ని తడి సాండ్‌పేపర్‌తో రుద్దండి, గ్లేజు అంచు దారాన్ని బ్లేడులా కోస్తుంది.
- గంటసేపు నీళ్ళలో వేసి ఉంచి ఆరబెట్టండి. మళ్ళీ తెల్లగా ఏమైనా తేలితే సోడా పూర్తిగా కరగలేదు, ఇంకోసారి కాల్చాలి. చెమట తగిలే చోట వేసుకునేది కదా.
- చంటిపిల్లల మెడలో వేయకండి, నోట్లో పెట్టుకుంటారు, రాగి ఉంది.
- నూలు దారం లేదా మైనం పట్టించిన దారం. లోహపు గొలుసు వేస్తే ఊగి ఊగి మెడ దగ్గర పెచ్చు లేస్తుంది.

వెనక చదునుగా ఉన్న చోట, ముద్ద తడిగా ఉన్నప్పుడే సంవత్సరం, మీ పేరులో మొదటి అక్షరం గీసి పెట్టండి. టీ నీళ్ళలో నానబెట్టి, మట్టి పూసి పాతదానిలా చేసి ఇవ్వమని నన్ను ఇద్దరు అడిగారు, చేయనన్నాను. ఈజిప్టులో 1983 నాటి 117వ నంబర్ చట్టం పురావస్తువుల అమ్మకాన్నీ ఎగుమతినీ ఆపేసింది, అంతకు ముందే సక్రమంగా బయటికి వచ్చినట్టు కాగితాలు ఉన్నవి తప్ప, ఆన్‌లైన్‌లో "ఒరిజినల్ తాయెత్తు" అని కనిపించేది దొంగ సరుకు అయినా కావచ్చు, మనలాంటివాడు ఎవడో టీలో ముంచింది అయినా కావచ్చు. సంవత్సరం గీయడానికి ఈనె పుల్ల కొస వాడండి, లోతుగా, గ్లేజు అక్కడికి పారినా అంకెని మింగేయకూడదు కదా.